నడక రెండుసార్లు, ఫలితం ఒక్కసారి

2021 క్రిస్మస్ రోజున బ్రిటన్‌లోని శాంటాండర్ బ్యాంకు తన వ్యాపార ఖాతాదారుల తరఫున చేయాల్సిన చెల్లింపులు చేసి, వాటినే మళ్లీ ఇంకోసారి చేసింది. దాదాపు 2,000 ఖాతాల తాలూకు 75,000 చెల్లింపులు ఇలా రెండేసిసార్లు వెళ్లాయి. రెండో విడత సొమ్ము బ్యాంకు సొంత నిధుల్లోంచి పోయింది. ఆ మొత్తం సుమారు 13 కోట్ల పౌండ్లు. డబ్బు అందుకున్నవాళ్లలో వేరే బ్యాంకుల ఖాతాదారులు కూడా ఉండటంతో, దాన్ని వెనక్కి రాబట్టడానికి ఆ బ్యాంకుల సాయం అడగాల్సి వచ్చింది. కారణంగా బ్యాంకు చెప్పిన మాట ఒక్కటే: షెడ్యూలింగ్‌లో వచ్చిన సమస్య.

ఇంత పెద్ద ఎత్తున కాకపోయినా, ఇదే జబ్బు వెబ్ అప్లికేషన్లకు ఎప్పుడో ఒకప్పుడు తగులుతూనే ఉంటుంది. రాత్రి ఒక్కటే వెళ్లాల్సిన ఎస్సెమ్మెస్ రెండు వెళ్తుంది. ఒక్కటే తయారవ్వాల్సిన ఇన్‌వాయిస్ మూడు తయారవుతాయి. ఫిర్యాదు రాగానే ఇంజనీర్లు అడిగే ప్రశ్న, ‘షెడ్యూలర్ ఈ జాబ్‌ను రెండుసార్లు ఎందుకు నడిపింది?’ అని. జాగ్రత్తగా వెతికితే దీనికి చాలాసార్లు జవాబు దొరుకుతుంది. ఎలా వెతకాలో ఈ అధ్యాయంలో చూద్దాం. కానీ ఆ జవాబు దగ్గరే ఆగిపోతే జబ్బు ఇంకో దారిన తిరిగొస్తుంది. ఒకటికి మించి కంప్యూటర్లు, వాటి మధ్య ఒక నెట్‌వర్కు ఉన్నచోట, ‘ఈ పని కచ్చితంగా ఒక్కసారే నడుస్తుంది’ అనే హామీ ఏ షెడ్యూలరూ తనంతట తాను ఇవ్వలేదు. మనకు అందుబాటులో ఉన్న హామీ వేరే ఉంది. పని ఎన్నిసార్లు నడిచినా దాని ఫలితం ఒక్కసారే పడేలా చూసుకోవచ్చు. ఆ బాధ్యత షెడ్యూలర్ మీద వదిలేయకుండా జాబ్‌లోనే రాసుకోవాలన్నది ఈ అధ్యాయం వాదన.

‘ఒక్కసారి’ అనే నమ్మకం ఎక్కడిది?

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో క్రాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. మెషీన్ లేచినప్పుడు అదీ లేచేది. క్రాన్‌టాబ్ ఫైలు చదివి, ఆ నిమిషాన చేయాల్సిన పనులేమైనా ఉంటే చేసి, ఒక నిమిషం నిద్రపోయి, మళ్లీ మొదటికొచ్చేది. ఒక మెషీను, ఒక గడియారం, ఒక క్రాన్, ఒక ఫైలు. అన్నీ ఒక్కొక్కటే కాబట్టి పని కూడా ఒక్కసారే నడిచేది. ఒక్కసారే నడవాలన్న నియమం ఆ ప్రోగ్రాంలో ఎక్కడా రాసి లేదు, పరిస్థితుల వల్ల దానంతటదే అబ్బిన గుణం అది. తర్వాతి దశాబ్దాల్లో షెడ్యూలర్ ఆపరేటింగ్ సిస్టంలోంచి మెల్లగా వెబ్ అప్లికేషన్ లోపలికి వచ్చింది. జావాలో స్ప్రింగ్ వాడేవాళ్లు ఒక మెథడ్ మీద ‘షెడ్యూల్డ్’ అనే యానొటేషన్ తగిలిస్తే చాలు. పైథాన్‌లో ఏపీషెడ్యూలర్, డాట్‌నెట్‌లో క్వార్ట్జ్, హ్యాంగ్‌ఫైర్ ఇలాంటి సదుపాయమే ఇస్తాయి. సర్వర్ అడ్మిన్ చుట్టూ తిరగనక్కర్లేదు, జాబ్ కోడ్‌తోపాటే ఉంటుంది, కోడ్‌తోపాటే డిప్లాయ్ అవుతుంది. ఈ సౌకర్యం నిజమైనదే. అయితే క్రాన్ కాలం నాటి నమ్మకం కూడా దీనితోపాటే వచ్చేసింది. ఆ నమ్మకానికి ఆధారంగా ఉన్న ఒంటరి మెషీన్ మాత్రం వెనకే ఉండిపోయింది.

వెబ్ సర్వర్ ఒకేసారి వందలమందికి జవాబు చెప్పాలి. అందుకని ఒకే అప్లికేషన్‌ను అనేక కాపీలుగా నడుపుతుంది. పైథాన్ అప్లికేషన్లకు బాగా వాడే గూనికార్న్ సర్వర్ డాక్యుమెంటేషన్‌లో ఒక సలహా ఉంది: ప్రాసెసర్ కోర్ల సంఖ్యను రెట్టింపు చేసి, ఒకటి కలిపి, అన్ని వర్కర్ ప్రాసెస్‌లు పెట్టుకోమని. నాలుగు కోర్ల మెషీన్‌లో అవి తొమ్మిది. అప్లికేషన్ లోడయ్యే కోడ్‌లోనే షెడ్యూలర్‌ను కూడా స్టార్ట్ చేస్తే తొమ్మిది వర్కర్లలో తొమ్మిది షెడ్యూలర్లు లేస్తాయి. ఒక ఉమ్మడి కుటుంబంలో తొమ్మిదిమందీ పాలప్యాకెట్ తేవాలని ఎవరి ఫోన్లో వాళ్లు ఉదయం ఆరింటికి అలారం పెట్టుకుంటే, ఇంటికి తొమ్మిది ప్యాకెట్లు వస్తాయి. ఏ ఫోనూ తప్పు చేయలేదు. పక్క ఫోన్‌లో ఏముందో దేనికీ తెలియదు, అంతే.

విండోస్‌లో ఐఐఎస్ సర్వర్‌ది ఇంకో తీరు. సెట్టింగులు మార్చకపోతే అది 1,740 నిమిషాలకోసారి, అంటే 29 గంటలకోసారి, అప్లికేషన్ ప్రాసెస్‌ను తీసేసి కొత్తది పెడుతుంది. వాడకందారులకు అంతరాయం కలగకూడదని ముందు కొత్త ప్రాసెస్‌ను లేపి, ఆ తర్వాతే పాతదాన్ని దించుతుంది. ఆ కాసేపు రెండూ బతికే ఉంటాయి, రెండింటిలోనూ షెడ్యూలర్ ఉంటుంది. ఈ 29 గంటల చక్రం రోజువారీ గడియారం మీద ప్రతిసారీ ఐదు గంటలు ముందుకు జరుగుతుంది. 24 చక్రాలు తిరిగాక, అంటే సరిగ్గా 29 రోజులకు, మళ్లీ అదే వేళకు వస్తుంది. కాబట్టి ఈ మార్పిడి వేళ ఒకసారి మన జాబ్ వేళ మీద పడిందంటే, మధ్యలో సర్వర్ రీస్టార్ట్ కాకపోతే, మళ్లీ 29 రోజుల తర్వాతే పడుతుంది. దాదాపు నెలకోసారి కనిపించి మాయమయ్యే డూప్లికేట్లు ఎందుకు అంత అంతుచిక్కవో ఈ లెక్క చెబుతుంది. కోడ్‌ను ఎన్నిసార్లు చదివినా అందులో 29 రోజుల ప్రస్తావన ఎక్కడా కనబడదు.

లాగ్ ఇచ్చే సాక్ష్యం

ఒక కళాశాల వెబ్ అప్లికేషన్ ఉందనుకుందాం. రోజూ రాత్రి 2 గంటలకు నడిచే ఒక జాబ్, ఫీజు బకాయి ఉన్న ప్రతి విద్యార్థి ఖాతాలో 50 రూపాయల ఆలస్య రుసుము వేసి, తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఒక రోజు రుసుము 100 రూపాయలు పడింది, ఎస్సెమ్మెస్‌లు రెండేసి వెళ్లాయి. చాలామంది ముందుగా షెడ్యూల్ రాసిన లైను తెరిచి అందులో అంకెలూ చుక్కలూ సరిచూస్తారు. తప్పు అక్కడ ఉండటం అరుదు. చూడాల్సింది లాగ్. జాబ్ మొదలైన ప్రతిసారీ లాగ్‌లో ఐదు సంగతులు పడాలి: ఏ మెషీన్, ఏ ప్రాసెస్ నంబరు, ఆ ప్రాసెస్ ఎప్పుడు పుట్టింది, జాబ్ ఏ వేళకు నడవాల్సి ఉంది, నిజానికి ఏ వేళకు మొదలైంది. ఇవి లేని లాగ్‌లో ‘జాబ్ మొదలైంది’ అనే లైన్లు రెండు కనిపిస్తాయి తప్ప, ఒకే షెడ్యూలర్ రెండుసార్లు నడిపిందా, రెండు షెడ్యూలర్లు చెరొకసారి నడిపాయా అన్నది తేలదు. రెంటికీ మందు ఒకటి కాదు కాబట్టి, ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

లాగ్‌లో ఆ ఐదూ ఉన్నాయనుకుందాం. 02:00:00.014కు ఒక లైను, 02:00:00.019కి ఇంకో లైను. మధ్యలో ఐదు మిల్లీసెకన్లు. రెండింటిలోనూ మెషీన్ ఒకటే, ప్రాసెస్ నంబరు కూడా ఒకటే, 4127. ప్రాసెస్ ఒకటే కాబట్టి ఇది వర్కర్ల గొడవ కాదు, లోడ్ బ్యాలెన్సర్ వెనకున్న రెండో సర్వర్ పని కూడా కాదు. ఒకే ప్రాసెస్‌లో అప్లికేషనే రెండుసార్లు లోడయి ఉండాలి. టామ్‌క్యాట్ సర్వర్‌లో ఇలా జరగడానికి బాగా తెలిసిన దారి ఒకటుంది. ‘వెబ్‌యాప్స్’ ఫోల్డర్‌లో కనబడ్డ ప్రతి అప్లికేషన్‌నూ టామ్‌క్యాట్ తనంతట తానే డిప్లాయ్ చేస్తుంది. ఆ అప్లికేషన్ సైటు మూల చిరునామాలోనే తెరుచుకోవాలని ఎవరో సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలులో విడిగా ఒక కాంటెక్స్ట్ లైను రాసి, వెబ్‌యాప్స్‌లోని అదే ఫోల్డర్‌ను చూపిస్తారు. ఇప్పుడు ఒకే అప్లికేషన్ రెండు చిరునామాల్లో విడివిడిగా బతుకుతుంది. పేజీలు చూసేవాళ్లకు తేడా తెలియదు, లోపల మాత్రం షెడ్యూలర్లు రెండు. ఇలా చేస్తే అప్లికేషన్ రెండుసార్లు డిప్లాయ్ కావచ్చని టామ్‌క్యాట్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. సర్వర్ స్టార్ట్ అయినప్పటి లాగ్ తెరిచి, డిప్లాయ్‌మెంట్ లైన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే విషయం తేలిపోతుంది. ఫోల్డర్‌ను వెబ్‌యాప్స్ బయటికి మారిస్తే సమస్య తీరుతుంది. డిప్లాయ్‌మెంట్ ఒక్కటే అయినా డూప్లికేట్ వస్తుంటే స్ప్రింగ్‌లోపల చూడాలి. పాత తరహా స్ప్రింగ్ అప్లికేషన్లలో మూల కాంటెక్స్ట్ ఒకటి, సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ ఒకటి ఉంటాయి. రెండూ ఒకే ప్యాకేజీని స్కాన్ చేస్తే జాబ్ ఉన్న క్లాసుకు రెండు ఆబ్జెక్టులు పుడతాయి, షెడ్యూల్ రెండుసార్లు నమోదవుతుంది.

రెండు నడకల మధ్య ఎడం కూడా గట్టి సాక్ష్యమే. మిల్లీసెకన్ల ఎడమైతే రెండు షెడ్యూలర్లు ఒకే గడియారం చూసుకుని లేచాయన్న మాట. సరిగ్గా 60 సెకన్ల ఎడం కనిపిస్తే అనుమానం టైమౌట్ మీదికి పోవాలి. చాలాచోట్ల బయటి షెడ్యూలర్ ఒక యూఆర్‌ఎల్‌ను పిలిచి జాబ్‌ను నడిపిస్తుంది. మధ్యనున్న ఎన్జిన్ఎక్స్ ప్రాక్సీ జవాబు కోసం డిఫాల్ట్‌గా 60 సెకన్లే ఆగుతుంది. జాబ్‌కు 90 సెకన్లు పడితే, లోపల అది నడుస్తుండగానే బయట ‘విఫలమైంది’ అన్న కబురు వెళ్తుంది, పిలిచినవాళ్లు మళ్లీ పిలుస్తారు. 30 సెకన్ల ఎడమైతే అమెజాన్ ఎస్‌క్యూఎస్ క్యూను చూడాలి. అందులోంచి ఒక వర్కర్ తీసుకున్న మెసేజ్, పని పూర్తయిందన్న కబురు డిఫాల్ట్‌గా 30 సెకన్లలో రాకపోతే, మళ్లీ ఇతర వర్కర్లకు కనిపిస్తుంది. సెలరీ అనే టాస్క్ క్యూను రెడిస్‌తో నడిపితే ఇదే గడువు డిఫాల్ట్‌గా ఒక గంట. అదే గంట ఎడం నవంబరు మొదటి ఆదివారం మాత్రమే, అమెరికా కాలమానం మీద నడిచే సర్వర్‌లో కనిపిస్తే కారణం వేరు. ఆ రోజు అక్కడ తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని ఒంటి గంటకు వెనక్కి తిప్పుతారు కాబట్టి ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది. పాల్ విక్సీ రాసిన క్రాన్ వారసులు కొన్ని ఈ సంగతి గమనించి జాగ్రత్తపడతాయి, అన్ని షెడ్యూలర్లూ అంత జాగ్రత్త చూపవు. భారత కాలమానంలో గడియారం తిప్పే పద్ధతి లేదు గనుక ఇక్కడి గడియారం మీద రాసిన షెడ్యూళ్లకు ఈ బెడద లేదు. అమెరికా ఖాతాదారుల కోసం హైదరాబాదులో కూర్చుని రాసిన షెడ్యూళ్లకు మాత్రం తప్పకుండా ఉంది.

సెట్టింగులు సరిదిద్దితే సరిపోదా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. పైన చెప్పినవన్నీ కాన్ఫిగరేషన్ లోపాలు. ఒక్కొక్కటే సరిదిద్దుకుంటూ పోతే జాబ్ ఒక్కసారే నడుస్తుంది కదా, సిద్ధాంతాలు దేనికి? లోపాలు సరిదిద్దాలన్నది నిజం. రెండుసార్లు డిప్లాయ్ అయిన అప్లికేషన్‌ను అలాగే వదిలేయడానికి ఏ సిద్ధాంతమూ సాకు కాకూడదు. షెడ్యూలర్‌ను వెబ్ వర్కర్లలోంచి బయటికి తీసి, దానికంటూ ఒక ప్రాసెస్ పెట్టడం కూడా మంచి పనే. అయితే ఆ ఒక్క ప్రాసెస్ నడిచే మెషీన్ ఆగిపోతే ఆ రాత్రి జాబ్ నడవదు. అది ఒప్పుకోలేక రెండో మెషీన్‌ను సిద్ధంగా పెట్టుకుంటే, మొదటిది నిజంగా చచ్చిందో, నెట్‌వర్కు తెగి మాట వినిపించడం లేదో రెండోదానికి తెలియాలి. చిక్కంతా ఈ తెలియడం దగ్గరే ఉంది.

షెడ్యూలర్ ఒక వర్కర్‌కు ‘ఈ పని చెయ్యి’ అని చెప్పింది, జవాబు రాలేదు. ఆజ్ఞే చేరలేదా, పని మధ్యలో వర్కర్ కూలిందా, పని పూర్తయ్యాక జవాబు మాత్రం దారిలో పోయిందా? షెడ్యూలర్‌కు ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. మళ్లీ చెబితే రెండుసార్లు జరిగే ప్రమాదం, ఊరుకుంటే అసలే జరగని ప్రమాదం. ఇంకాస్త తెలివైన ప్రోగ్రాం రాసి ఈ సందిగ్ధం నుంచి బయటపడటం కుదరదు. కబుర్లు పోగొట్టే నెట్‌వర్కు మీద రెండు పక్షాలు ఎన్ని కబుర్లు పంపుకున్నా ఒక విషయంలో పూర్తి నిశ్చయానికి రాలేవని 1975లో అక్కోయున్లు, ఏకనాధం, హ్యూబర్ అనే ముగ్గురు చూపించారు. 1978లో జిమ్ గ్రే దీన్ని ఇద్దరు సేనాపతుల వైరుధ్యంగా వివరించాక అదే పేరు స్థిరపడింది. నేటి వ్యవస్థలు కూడా ఈ పరిమితిని దాచిపెట్టవు. కుబెర్నెటీస్ డాక్యుమెంటేషన్, తన క్రాన్‌జాబ్ ప్రతి వేళకూ ‘సుమారుగా’ ఒక జాబ్‌నే సృష్టిస్తుందనీ, కొన్ని పరిస్థితుల్లో రెండు పుట్టవచ్చనీ, అసలు పుట్టకపోవచ్చనీ, కాబట్టి రెండుసార్లు నడిచినా ఇబ్బంది లేని జాబులే రాసుకోమనీ చెబుతుంది. ఎస్‌క్యూఎస్ సాధారణ క్యూలు ఇచ్చే మాట, ప్రతి మెసేజ్ కనీసం ఒక్కసారి చేరుతుందని మాత్రమే.

తాళం వేస్తే?

రెండో అభ్యంతరం ఇంజనీర్ల నోట ఎక్కువగా వినబడేది. షెడ్యూలర్లు ఎన్ని ఉంటేనేం, డేటాబేస్‌లో ఒక లాక్ పెడదాం, అది దక్కినవాడే జాబ్ నడుపుతాడు అని. ఆలోచన మంచిదే. జావాలో షెడ్‌లాక్ లైబ్రరీ, పోస్ట్‌గ్రెస్‌లో అడ్వైజరీ లాకులు ఇందుకే ఉన్నాయి, చాలా డూప్లికేట్లను ఆపుతాయి కూడా. వాటి హద్దు ఎక్కడుందో తెలుసుకుని వాడాలి. మన కళాశాల జాబ్‌కు రెండు సర్వర్లున్నాయనుకుందాం. రెండో సర్వర్ గడియారం 200 మిల్లీసెకన్లు వెనక నడుస్తోంది. 2 గంటలకు మొదటి సర్వర్ లాక్ తీసుకుంది. ఆ రోజు బకాయిదారులు నలుగురే, పని 80 మిల్లీసెకన్లలో అయిపోయింది, లాక్ వదిలేసింది. ఆ తర్వాత 120 మిల్లీసెకన్లకు రెండో సర్వర్ గడియారంలో 2 గంటలయింది. అది వచ్చి చూస్తే లాక్ ఖాళీగా ఉంది. తీసుకుని జాబ్ మళ్లీ నడిపింది. లాక్ తన పని తాను నిక్కచ్చిగా చేసింది, ఏ క్షణంలోనూ ఇద్దరి చేతిలో లేదు. ‘ఒకేసారి ఇద్దరు వద్దు’ అన్నదే దాని హామీ. మనకు కావాల్సింది ‘ఈ వేళకు ఒక్కసారే’ అన్న హామీ. షెడ్‌లాక్‌లో లాక్‌ను కనీసం ఇంతసేపు వదలకూడదని చెప్పే సెట్టింగు ఉన్నది ఈ ఇబ్బంది కోసమే.

మరి లాక్ పట్టుకున్న సర్వరే కూలిపోతే? లాక్ ఎప్పటికీ విడుదల కాకుండా ఉండిపోకూడదని దానికి గడువు పెడతారు. గడువుతో ఇచ్చే ఇలాంటి హక్కును కేరీ గ్రే, డేవిడ్ చెరిటన్ 1989లోనే ‘లీజు’ పేరుతో వివరించారు. గడువు పెట్టగానే ఇంకో చిక్కు వస్తుంది. జావా ప్రాసెస్ మెమరీ శుభ్రం చేసుకోవడానికి కాసేపు పూర్తిగా ఆగిపోవచ్చు. వర్చువల్ మెషీన్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు కూడా అలా స్తంభించవచ్చు. ఆ ప్రాసెస్ స్పృహలోకి వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది, లాక్ ఇంకొకరి చేతికి వెళ్లి ఉంటుంది, ఆ సంగతి తెలియక ఇది తన పని కొనసాగిస్తుంది. ఈ ప్రమాదం గురించి 2016లో మార్టిన్ క్లెప్‌మన్ వివరంగా రాసి, రెడిస్ ఆధారిత లాకింగ్ పద్ధతి ఒకదాన్ని విమర్శించారు. రెడిస్ సృష్టికర్త సాల్వతోరే సాన్‌ఫిలిప్పో దానికి జవాబిచ్చారు, ఆ చర్చను ఈ రంగంలో ఇప్పటికీ చదువుతారు. క్లెప్‌మన్ సూచించిన మందు ఇది: లాక్ ఇచ్చిన ప్రతిసారీ అంతకుముందు కంటే పెద్ద అంకె ఒకటి ఇవ్వాలి, రాతలు స్వీకరించే డేటాబేస్ పాత అంకెతో వచ్చిన రాతను తిప్పికొట్టాలి. ఆఖరి కాపలా ఎవరి చేతికి వచ్చిందో గమనించండి. షెడ్యూలర్, లాక్ ఇచ్చే సర్వీసు దాటిపోయి, ఫలితం పడే చోటికే వచ్చింది.

ఫలితం పడే చోట కాపలా

ఈ సూత్రం లాకుల కంటే పాతది. జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్ 1981లో సమర్పించి 1984లో విస్తరించి ప్రచురించిన ‘ఎండ్ టు ఎండ్ ఆర్గ్యుమెంట్స్’ వ్యాసం డూప్లికేట్ మెసేజ్‌లను ఏరివేయడం గురించి ప్రత్యేకంగా చర్చిస్తుంది. నెట్‌వర్కు తన లోపల పుట్టిన డూప్లికేట్లన్నీ ఏరిపారేసినా, జవాబు రాలేదని అప్లికేషనే మళ్లీ పంపితే అది నెట్‌వర్కుకు కొత్త మెసేజ్‌లాగే కనిపిస్తుంది. రెండూ ఒకే కోరిక అన్న సంగతి తెలిసింది అప్లికేషన్‌కే. ఏరివేసే పని ఎలాగూ అక్కడ తప్పనప్పుడు, కింది పొరల్లో చేసేది భారం తగ్గించడానికి పనికొస్తుందే గాని, కచ్చితత్వాన్ని ఇవ్వలేదు. షెడ్యూల్డ్ జాబులకు ఈ మాట అచ్చంగా వర్తిస్తుంది. 2 గంటల జాబ్, 2 గంటల ఒక నిమిషానికి మళ్లీ వచ్చిన అదే జాబ్ ఒకే కోరికా, రెండు కోరికలా అన్నది ఆలస్య రుసుము అంటే ఏమిటో తెలిసిన కోడ్ మాత్రమే చెప్పగలదు.

ఆ కోడ్‌లో చేయాల్సిన మార్పు చిన్నదే. ‘విద్యార్థి బకాయికి 50 కలుపు’ అన్న ఆజ్ఞ ఎన్నిసార్లు నడిస్తే బకాయి అన్ని యాభైలు పెరుగుతుంది. దీని బదులు రుసుముల పట్టిక ఒకటి పెట్టి, ‘ఈ విద్యార్థికి, ఈ తేదీకి, ఆలస్య రుసుము 50’ అని ఒక వరుస రాయాలి. విద్యార్థి నంబరు, తేదీ, రుసుము రకం మూడూ కలిసిన కూర్పు ఆ పట్టికలో ఒక్కసారే ఉండాలని డేటాబేస్‌కే యునీక్ నియమం పెట్టాలి. బకాయి ఎంత అన్నది ఆ వరుసలు కూడితే వస్తుంది. రెండో షెడ్యూలర్ వచ్చి అదే వరుస రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. అలాంటి రాతను తప్పుగా చూపకుండా నిశ్శబ్దంగా వదిలేసే వెసులుబాటు పోస్ట్‌గ్రెస్‌లో 9.5 వెర్షన్ నుంచీ ఉంది. ముందు ‘ఉందా’ అని చదివి, లేకపోతే రాయడం మాత్రం ఇందుకు పనికిరాదు. ఐదు మిల్లీసెకన్ల తేడాతో వచ్చిన ఇద్దరూ ‘లేదు’ అన్న జవాబే చదివి, ఇద్దరూ రాస్తారు. చూడటం, రాయడం ఒకే అడుగుగా జరగాలి, యునీక్ నియమం ఆ పని చేస్తుంది. ఇంకో మెలకువ తేదీ విషయంలో. ఆ తేదీ జాబ్ నడవాల్సిన వేళ నుంచి రావాలి, నిజంగా నడిచిన క్షణం నుంచి రాకూడదు. రాత్రి 11:59కి నడవాల్సిన జాబ్ ఆగిపోయి 12:01కి మళ్లీ నడిస్తే, నడిచిన క్షణం చూసే కోడ్‌కు అది వేరే రోజుగా కనబడి, కాపలా మొత్తం వృథా అవుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. డేటాబేస్ మన చేతిలో ఉంది కాబట్టి సరే, ఒకసారి వెళ్లిన ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తీసుకోలేం, ఇంకో బ్యాంకుకు వెళ్లిన డబ్బూ అంతే. అక్కడ యునీక్ నియమం ఎవరు పెడతారు? అవతలివాళ్లు సహకరిస్తే దీనికీ దారి ఉంది. స్ట్రైప్ లాంటి చెల్లింపు సంస్థలు ప్రతి అభ్యర్థనతోపాటు ఒక తాళంచెవి లాంటి గుర్తింపును పంపనిస్తాయి. అదే గుర్తింపుతో రెండోసారి వస్తే కొత్త చెల్లింపు చేయకుండా మొదటి జవాబునే తిరిగిస్తాయి. కాపలాను ఫలితం పడే చోటికి మార్చడమంటే ఇక్కడ అవతలి సంస్థ సర్వర్‌కు మార్చడం. అవతలివాళ్లు సహకరించనప్పుడు మాత్రం ఒక పక్క ఎంచుకోక తప్పదు. పంపే ముందే ‘పంపాను’ అని రాసుకుంటే, రాతకూ పంపడానికీ మధ్య కూలిపోయినప్పుడు ఎస్సెమ్మెస్ అసలు వెళ్లదు. పంపాక రాసుకుంటే రెండుసార్లు వెళ్లవచ్చు. నిజాయితీగా చెప్పుకోవాల్సిన పరిమితి ఇది. ఎంపిక దేన్ని బట్టి ఉండాలంటే, ఏది జరిగితే మనిషికి నష్టం తక్కువ అన్నదాన్ని బట్టి. మందు వేసుకోమని గుర్తుచేసే ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్లినా ఫర్వాలేదు, అసలు వెళ్లకపోతేనే ప్రమాదం. జీతాల చెల్లింపు ఒకసారి తప్పితే మర్నాడు చూసి నడపవచ్చు, రెండుసార్లు పడితే వెనక్కి రాబట్టడం కష్టం. గూగుల్ తన డేటాసెంటర్ల కోసం కట్టుకున్న క్రాన్ గురించి ఆ సంస్థ ఇంజనీర్లు 2015లో రాసిన వ్యాసంలో ఇదే విచికిత్స కనిపిస్తుంది. తప్పిపోయిన జాబ్‌ను సరిచేయడం, రెండుసార్లు నడిచినదాన్ని సరిచేయడం కంటే సాధారణంగా తేలిక కాబట్టి, సందేహం వచ్చినప్పుడు తమ వ్యవస్థ జాబ్‌ను వదిలేయడానికే మొగ్గుతుందని వాళ్లు రాశారు. ప్యాక్సాస్ లాంటి గట్టి ఏకాభిప్రాయ పద్ధతి చేతిలో ఉండి కూడా ఆ ఎంపిక వాళ్లకు తప్పలేదు.

ప్రతి జాబ్‌కూ ఇంత శ్రమ అవసరమా అన్నది చివరి ప్రశ్న. అవసరం లేదు. తాత్కాలిక ఫైళ్లు తుడిచే జాబ్, సెర్చ్ ఇండెక్స్‌ను మొదటి నుంచి మళ్లీ కట్టే జాబ్ రెండుసార్లు నడిస్తే కాస్త కరెంటు దండగ, అంతకుమించి ఏమీ కాదు. వాటికి ఒక మామూలు లాక్ చాలు. శ్రమ పెట్టాల్సింది కూడికలు చేసేవాటికి, డబ్బు కదిపేవాటికి, మనుషులకు కబురు పంపేవాటికి. ఆ జాబులు ఏ అప్లికేషన్‌లోనైనా కొద్దిగానే ఉంటాయి. వాటిని గుర్తించి, ఒక్కొక్కదానికి ‘ఈ పని ఏ గుర్తింపుతో ఒక్కటి అవుతుంది, సందేహం వస్తే మళ్లీ చేయాలా, వదిలేయాలా’ అన్న రెండు జవాబులు కోడ్ పైనే రాసిపెట్టుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ఆ జవాబులు సరైనవో కాదో ప్రమాదం వచ్చేదాకా ఆగి తెలుసుకోవాల్సిన పనీ లేదు. టెస్ట్ సర్వర్‌లో ఒకే వేళ తాలూకు జాబ్‌ను రెండు ప్రాసెస్‌ల నుంచి ఒకేసారి నడపాలి. తర్వాత ఒకదాన్ని మధ్యలో చంపేసి మళ్లీ నడపాలి. ఆ తర్వాత పట్టికలు చూడాలి. ఒక్కసారి నడిపినప్పుడు ఉండే వరుసలే ఉంటే ఆ జాబ్‌ను ఎన్ని సర్వర్ల మీదైనా ధైర్యంగా పెట్టవచ్చు. ఒక్క వరుస ఎక్కువున్నా, ఆ జాబ్ ఇంతకాలం సరిగ్గా నడిచింది దాని కోడ్ వల్ల కాదని, రెండో ప్రాసెస్ ఇంకా రాకపోవడం వల్లేనని అర్థం.